పెళ్లి కాలేదని రుజువు

పెళ్లికి ఇద్దరు మనుషులు ఒప్పుకుంటే చాలని నేను చాలాకాలం అనుకునేదాన్ని. మా ఇంట్లో అలా అనుకోరు. వాళ్ల లెక్కలో బాబాయిలు, మేనమామలు, వీధిలోవాళ్లు, ఆఖరికి పాలు పోసే ఆయన కూడా ఒకసారి తలూపాలి. ఇదంతా చాదస్తమని విసుక్కుని దేశం దాటిపోయినదాన్ని. చివరికి నా పెళ్లి ఆగిందీ, మళ్లీ సాగిందీ విజయవాడ గుణదలలో మా వీధివాళ్ల నోటిమాట మీదే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ఎక్కువగా కోపమొచ్చింది. కోపం నాకు మా అమ్మ ఇచ్చిన ఆస్తి.

జర్మనీలో ఒక చిన్న ఊళ్లో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. నేను చేసుకోవాలనుకున్న ఆయన ఆ ఊరివాడే, రైల్వేలో సిగ్నళ్ల ఇంజనీరు. కొన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ సంగతి అమ్మకీ నాన్నకీ తెలుసు. నేను వీడియో కాల్ చేసినప్పుడు వెనకాల గిన్నెలు తోముతూ కనిపించే మనిషి ఎవరో అమ్మ మొదట్లో అడగలేదు, తర్వాత అడగాల్సిన అవసరం లేకపోయింది. గిన్నెలు తోముతాడన్న ఒక్క విషయంతో ఆయనకి సగం మార్కులు పడ్డాయి. నాన్న దగ్గర మిగతా సగం పడ్డాయి. గుణదల రైల్వే గేటు ఎందుకు అన్నిసార్లు పడుతుందో ఆయన శ్రద్ధగా అడిగేవాడు. జీవితంలో సగం ఆ గేటు ముందు స్కూటరు మీద గడిపిన నాన్న, వచ్చీరాని ఇంగ్లీషులో అంతకంటే శ్రద్ధగా చెప్పేవాడు.

పెళ్లి గురించి మాకు తొందరేమీ లేదు. ఆ ఊళ్లో యూనిట్ మూసేస్తున్నామని మా కంపెనీ చెప్పడంతో తొందరొచ్చిపడింది. ఉద్యోగం పోతే, ఆ వేసవి దాటాక అక్కడ ఉండటానికి నాకు అనుమతి ఉండదు. పెళ్లయితే ఉంటుంది. ఎలాగూ చేసుకోవాలనుకున్నదే కదా, ఇప్పుడే చేసుకుందామనుకుని నవ్వుకుంటూ ఊరి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం. నవ్వుకుంటూ వెళ్లింది ఆ ఒక్కసారే.

రిజిస్ట్రారు ఒక నడివయసు ఆవిడ. మెత్తగా మాట్లాడుతుంది, ఒక్క మెట్టు కూడా దిగదు. ఆయన దగ్గర ఏవో రెండు కాగితాలు చాలన్నది. నా దగ్గర మాత్రం నేను పుట్టానని రుజువు కావాలి, నాకు ఇదివరకు పెళ్లి కాలేదని రుజువు కావాలి. పుట్టానన్నదానికి నేనే ఎదురుగా కూర్చున్నాను కదా అన్నాను. ఆయన నా మోకాలు గిల్లాడు. ఇక పెళ్లి కాలేదన్నదానికి రుజువెక్కడ తెస్తాం? జరిగినదానికైతే ఫోటోలుంటాయి, పందిరి గుంజలుంటాయి. జరగనిదానికి ఏముంటుంది?

మొదటి కాగితం కోసం డిసెంబరులో సెలవు పెట్టి విజయవాడ వచ్చాను. అమ్మ బీరువా అడుగునుంచి నా పుట్టిన సర్టిఫికెట్ తీసి ఇచ్చింది. చూస్తే అందులో నా పేరు లేదు. ఆడశిశువు అని ఉంది, అమ్మానాన్నల పేర్లున్నాయి, నా పేరుండాల్సిన చోట గీత ఉంది. మా అమ్మది మైలవరం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి నేను మైలవరంలో పుట్టాను. పుట్టిన వారంలోనే మా తాతయ్య బాధ్యతగా వెళ్లి నమోదు చేయించాడు. పేరు పెట్టింది ఇరవయ్యొకటో రోజున బారసాలలో కదా, అప్పటికి సర్టిఫికెట్ వచ్చేసింది. ఆ తర్వాత పేరు చేర్పించాలని ఎవరికీ తోచలేదు. బళ్లో నాన్న చెప్పిన పేరు రాసుకున్నారు, అక్కణ్నుంచి అన్నిట్లో అదే నడిచిపోయింది.

మైలవరం ఆఫీసులో నాకు యుద్ధమే అవుతుందనుకుని, పళ్లు నూరుకుంటూ వెళ్లాను. అక్కడి గుమస్తాగారు కాగితం చూసి, మీరొక్కరే కాదండీ, ఆ కాలం పిల్లలు సగంమంది పేరు లేకుండానే ఉన్నారు అన్నారు. పదో తరగతి సర్టిఫికెట్ పెట్టుకుని, అమ్మానాన్నల చేత అఫిడవిట్ రాయించుకుని, పేరు చేర్చి కొత్త సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి కొన్నిసార్లు తిరగాల్సి వచ్చింది, అందులో ఒకసారి సర్వర్ పనిచేయలేదు, ఒకసారి నేనే ఒరిజినల్ ఇంట్లో మరిచిపోయాను. ఆ రోజు ఆయన విసుక్కోలేదు, నేనే నా మీద విసుక్కున్నాను. ముప్పై ఏడేళ్ల వయసులో నాకు పేరు పెట్టిన ఆఫీసది, ఇప్పటికీ ఆ వైపు వెళ్తే దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

రెండో కాగితం గవర్నర్‌పేటలో తయారైంది. నాన్నకి అక్కడ ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ కొట్టుంది. కొట్టు పక్క మేడమీద నోటరీ. మా అమ్మాయికి నేటివరకు వివాహం కాలేదని అమ్మా నాన్నా ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. నాన్న చప్పున పెట్టేశాడు. అమ్మ మాత్రం పెన్ను పట్టుకుని కిటికీలోంచి కిందకి చూసింది, మెట్లవైపు చూసింది. ఏంటమ్మా, ఎవరి కోసం చూస్తున్నావని అడిగాను. ఎవరూ లేరులే అని గబగబా సంతకం పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. చలికాలంలో చెమటేమిటో నాకు అర్థం కాలేదు.

అసలు నాకు చాలా అర్థం కాలేదు, తెలివైనదాన్నన్న నమ్మకం ఎక్కువ కావడం వల్ల. అంతకు రెండు మూడేళ్ల నుంచి నేను ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ నా మెడలో సన్నటి నల్లపూసల గొలుసు వేసేది. మెడ బోసిగా ఉంది, ఈ మధ్య కాలేజీ పిల్లలు కూడా ఫ్యాషన్‌గా వేసుకుంటున్నారు అనేది. సరేనని వేసుకునేదాన్ని. వీధిలో పేరంటాలకి వెళ్తే నాకు పెద్దవాళ్లతో సమానంగా తాంబూలం, జాకెట్టు ముక్క ఇచ్చేవాళ్లు. పెళ్లెప్పుడని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. మా వీధి ఎంత ఎదిగిపోయిందో అని అక్కడ ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను.

కాగితాలు రెండూ తీసుకెళ్లి రిజిస్ట్రారు ముందు పెట్టాను. ఆవిడ పుట్టిన సర్టిఫికెట్ తిప్పి తిప్పి చూసింది. ముప్పై ఏడేళ్ల క్రితం పుట్టిన మనిషికి పోయిన నెలలో పేరు పెట్టారేమిటని అడిగింది. బారసాల గురించి చెప్పాను. బిడ్డ పుట్టిన ఇరవై రోజులదాకా పేరు లేకుండా ఎలా పిలుస్తారని అడిగింది. బుజ్జి అంటాం అన్నాను. ఆవిడ ఆ మాట రాసుకుంది. తర్వాత ఈ కాగితాల్లో ఉన్నది నిజమో కాదో మీ ఊళ్లోనే విచారణ చేయిస్తామని చెప్పింది. వాళ్ల కాన్సులేటు తరఫున మన దగ్గరి వకీలొకరు వెళ్లి ఆఫీసుల్లో రికార్డులు చూస్తారు, ఇరుగుపొరుగుని అడుగుతారు, రిపోర్టు రాస్తారు. అడగమనండి, మాకేం భయం అన్నాను. ధీమాగానే అన్నాను, ఇంట్లో ఒక మాట చెప్పి ఉంచాలని కూడా తోచలేదు.

మార్చిలో ఉత్తరం వచ్చింది. ఆయన చదివి, మళ్లీ చదివి, బల్ల మీద పెట్టాడు. స్థానికంగా విచారించిన ఇళ్లన్నిట్లోనూ, సదరు మహిళకు మూడేళ్ల క్రితం విదేశంలో వివాహమైందనీ, భర్త డాక్టరనీ చెప్పారట. కాబట్టి వివాహానికి అనుమతి ఇవ్వలేమట. తప్పుడు ప్రమాణపత్రం సమర్పించినందుకు సంజాయిషీ కూడా ఇవ్వాలట.

ఆయన ఉత్తరాన్ని మడిచి కవర్లో పెట్టాడు. తర్వాత, నువ్వు నాకు చెప్పాల్సిందేమైనా ఉందా అని నెమ్మదిగా అడిగాడు. అంతే అడిగాడు. ఆ ప్రశ్న నన్ను కోసేసింది. అడిగినందుకు ఆయన మీద కోపమొచ్చింది, అడగాల్సిన పరిస్థితి వచ్చినందుకు అంతకంటే ఎక్కువ. ఆ డాక్టరెవడో నాకూ చూపించండి అని అరిచాను. ఆయన నా మొహం చూసి, ఇక ఎప్పుడూ అడగనని చెప్పాడు. అడగలేదు కూడా. మర్నాడు తనే టికెట్టు కొని, నువ్వు వెళ్లు, ఇక్కడ రిజిస్ట్రారుతో నేను మాట్లాడుతూ ఉంటాను అన్నాడు. నమ్మకమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ టికెట్టే గుర్తొస్తుంది.

ఇంటికొచ్చి సూట్‌కేసు కూడా లోపల పెట్టకుండా ఉత్తరం సంగతి చెప్పాను. మూడేళ్లు, డాక్టరు, వీధంతా ఒకే మాట చెప్పారు, ఎవరి కుట్రమ్మా ఇది అని రంకెలు వేశాను. నాన్న పేపరు మడిచి, కొట్టుకి టైమైందని లేచాడు. అప్పుడింకా పొద్దున్న ఏడు కూడా కాలేదు. అమ్మ వాకిలి తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"డాక్టరని నేను చెప్పలేదే," అంది. "ఆ ఒక్కటీ ఎవరు కలిపారో తెలీదు."

నేను సూట్‌కేసు మీద కూర్చుని, మొత్తం చెప్పమన్నాను.

విషయమిది. మూడేళ్ల కింద మా ఎదురింటి అత్తయ్యగారి ఇంట్లో పేరంటం జరిగింది. అత్తయ్యగారంటే మాకు చుట్టం కాదు. అమ్మ ఆవిణ్ని వదినగారంటుంది కాబట్టి నాకు అత్తయ్య. నా చిన్నప్పట్నుంచీ మా రెండిళ్ల మధ్య గిన్నెలు ఖాళీగా తిరిగి వెళ్లింది లేదు. ఆ పేరంటంలో, పదిమంది ముందు, ఆవిడ నాకొక సంబంధం చెప్పింది. అబ్బాయి మంచివాడు, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు, ఈ వయసులో ఇంతకంటే ఏం దొరుకుతుంది అన్నది. మనసులో కల్మషం ఉండి కాదు, నిజంగా మేలు చేస్తున్నాననుకుని.

"నాకు ఒళ్లు మండిందే," అంది అమ్మ. "మా అమ్మాయికి పెళ్లయిపోయింది, అక్కడే రిజిస్టరు పెళ్లి చేసుకుంది అనేశాను. అన్నాక హాయిగా ఉందే. మూడేళ్లు ఎవరూ అడగలేదు. హాయిగా నిద్రపోయాను."

అడక్కుండానే నాకు పెళ్లి చేసేసి, మళ్లీ నోటరీ దగ్గరికొచ్చి కాలేదని ప్రమాణం చేశావా అని అరిచాను. డిసెంబరులో తను వేసినప్పట్నుంచీ మెడలోనే ఉన్న నల్లపూసల గొలుసు తీసి మంచం మీదకి విసిరేశాను. నీ వల్ల నేను ఆ దేశంలో అబద్ధాలకోరునయ్యాను, నా ఇల్లు పోతుంది, నా మనిషి పోతాడు అన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయడం ఎందుకు. నేను విసిరేసిన గొలుసు తీసి అమ్మ ఒళ్లో పెట్టుకుంది. అంత కోపిష్టి మనిషి అలా కూర్చుని వింటుంటే కాసేపటికి నాకే భయమేసింది.

సాయంత్రం ఆయనతో మాట్లాడాను. జరిగింది జరిగినట్టు మీ అమ్మ రాసిస్తే రిజిస్ట్రారు చదువుతానంటోంది అన్నాడు. అమ్మ తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో, పేరంటంలో నోరు జారానని, తప్పు నాదేనని, అమ్మాయికి ఈ సంగతి తెలియదని రాసింది. దాన్ని జర్మన్‌లోకి మార్చిన అనువాదకుడు పేరంటమంటే ఏం రాయాలో తెలియక నాకు మూడుసార్లు ఫోను చేశాడు. రిజిస్ట్రారు చదివిందట. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటి సంజాయిషీ చూడలేదందట. కానీ తల్లి మాట ఒక్కటే సరిపోదనీ, అదే వీధిలో, అవే ఇళ్లలో మళ్లీ విచారణ చేయిస్తాననీ చెప్పింది.

అంటే అమ్మ వీధిలోకి వెళ్లాలి. ఎవరి ముందైతే తలెత్తుకుని అయిపోయిందని చెప్పిందో, వాళ్ల ముందు కాలేదని చెప్పాలి. మూడేళ్లుగా నా కూతురు పెళ్లి లేకుండా పరాయి దేశంలో ఒక మగాడితో ఉంటోందని తన నోటితో తనే చెప్పాలి. అమ్మకి ఇరుగుపొరుగులో ఉన్న ఆస్తి ఆ పరువొక్కటే. అప్పటికి నా కోపం సగం దిగింది. వద్దులేమ్మా, నేను వెళ్లి చెప్తాను అన్నాను. నువ్వెవరే చెప్పడానికి, అన్నది నేను అని అమ్మ చీర మార్చుకుంది. పేరంటానికి కట్టుకునే చీరే కట్టుకుంది.

మొదట ఎదురింటికే వెళ్లాం, అన్నిటికంటే కష్టమైన గడప అది. అత్తయ్యగారు మామిడికాయలు తుడుస్తున్నారు. పక్కింటి మేష్టారు కూడా అక్కడే వరండాలో పేపరు చదువుతున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వీధిలో అందరికీ మేష్టారే. అమ్మ కూర్చోలేదు. నిలబడే, ఊపిరి తీసుకోకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నేను నేల చూపులు చూస్తున్నాను.

అత్తయ్యగారు గుడ్డ పక్కన పెట్టి, "ఇప్పుడా చెప్పేది? మాకు అప్పుడే తెలుసుగా వదినగారూ," అన్నారు.

అమ్మ అర్థం కానట్టు చూసింది.

"పిల్ల ఇంటర్ పాసైతే వీధంతా పూతరేకులు పంచినవారు మీరు. పెళ్లయితే ఒక్క లడ్డూ కూడా పెట్టకుండా ఊరుకుంటారా? పిల్ల మెళ్లో నల్లపూసలు వేశారు సరే, కాలికి మెట్టెలేవి? మీ కోపం చూసి ఇంటికొచ్చి ఏడ్చాను నేను. ఆ సంబంధం చెప్పాల్సింది కాదు. నా తప్పుకి మీచేత ఆ మాట అనిపించాను కదా, ఇక ఆ మాట నిలబెట్టడం నా వంతు అనుకున్నాను."

విషయం అప్పుడు బయటపడింది. వకీలు వచ్చింది ఫిబ్రవరిలో, మా గుణదల కొండమీద మేరీమాత తిరునాళ్లు జరిగే రోజుల్లో. మా వీధినిండా కొత్తమనుషులే. భుజాన సంచీతో గుమ్మం ముందు నిలబడ్డ ఆయన్ని చూసి కొండకొచ్చిన భక్తుడనుకుని అత్తయ్యగారు మంచినీళ్లిచ్చారట. ఆయన నీళ్లు తాగి, ఎదురింటి అమ్మాయికి పెళ్లయిందా అని అడిగాడట. ఆ రోజు అమ్మా నాన్నా మైలవరంలో పెళ్లికెళ్లారు, మా ఇల్లు తాళం వేసుంది. ఎవరో పరాయివాడు సంచీ వేసుకుని వచ్చి మనింటి పిల్ల గురించి కూపీ లాగుతుంటే ఏం చెప్తాం, మీరు ఏం చెప్పారో అదే చెప్పాం అన్నారు అత్తయ్యగారు. ఆయన పక్కింటికి వెళ్లేలోపు పెరటి గోడ మీదుగా మేష్టారి భార్యకి చెప్పారట. ఆవిడ ఆ పక్కింటికి చెప్పారట. అలా వకీలు నడక కంటే ముందుగా నా పెళ్లి మా వీధి చివరిదాకా చేరిపోయింది.

ఎవరో వచ్చి అడిగారని మాకు ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగింది. చెప్తే మీ మాట అబద్ధమని మాకు తెలుసన్నట్టు అవుతుంది కదండీ, మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాం అన్నారు అత్తయ్యగారు.

"డాక్టరని చెప్పింది మాత్రం నేనే," అన్నారు మేష్టారు పేపరు దించకుండా. "అబ్బాయేం చేస్తాడని అడిగాడు. తెలీదంటే బాగోదు కదమ్మా."

అమ్మ అప్పుడు కూర్చుంది, అరుగు మీద, పేరంటం చీరతోనే. ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నేను చాలా తక్కువ చూశాను. అత్తయ్యగారు పక్కన కూర్చుని ఒక మామిడికాయ తీసి తుడవడం మొదలుపెట్టారు, కాసేపటికి అమ్మ కూడా ఇంకో గుడ్డ అందుకుంది. నాకు వాళ్లిద్దరి కాళ్లమీద పడాలనిపించింది. పదేళ్లుగా ఈ వీధిని నేను ఎన్ని మాటలన్నానో నాకే తెలుసు. పక్కింటి సంగతులు తప్ప పనిలేని జనమన్నాను. ఆ జనం మూడేళ్లు నా గుట్టు కడుపులో దాచుకున్నారు, అది గుట్టని ఒకరితో ఒకరు కూడా అనుకోకుండా.

ఏప్రిల్లో వకీలుగారు మళ్లీ వచ్చారు. ఎండలో వచ్చారు, చిరాగ్గా వచ్చారు. అమ్మ ముందుగానే అందర్నీ మా ముందుగదిలో కూర్చోబెట్టి మజ్జిగ కలిపి ఉంచింది. ఆయన గుమ్మంలోనే ఆగి, ఇలా కుదరదమ్మా, ఎవరింట్లో వాళ్లని విడివిడిగా అడగాలి అన్నారు. అందరూ లేచి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. ఆయన ఇల్లిల్లూ తిరుగుతుంటే మేము గేటు దగ్గర నిలబడ్డాం. నాన్న కూడా ఆ రోజు కొట్టు తీయలేదు. ఒక్కో ఇంట్లోంచి ఆయన బయటికొచ్చినప్పుడల్లా మొహం ఇంకా ముడుచుకుపోతోంది. ఈసారి కాదంటే ఇక మూడోసారి ఉండదని నాకు తెలుసు.

చివరికి మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. మజ్జిగ ముట్టుకోలేదు. ఫిబ్రవరిలో అందరూ కలిసి అయిందన్నారు, ఇప్పుడు అందరూ కలిసి కాలేదంటున్నారు, వీళ్లు అప్పుడు అబద్ధమాడారో ఇప్పుడాడుతున్నారో నాకెలా తెలియాలి, నేనేమని రాయాలి అన్నారు. ఆయన అడిగిందాంట్లో న్యాయముంది. నేను నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

అమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"మీదేవూరండీ?" అని అడిగింది.

పామర్రు దగ్గరని చెప్పారాయన.

"అయితే మీకు చెప్పక్కర్లేదు. నాకున్నది ఒక్కతే కూతురు. దాని పెళ్లి చేస్తే ఈ వీధిలో ఆ పూట ఒక్క ఇంట్లో పొయ్యి ముట్టించనిస్తానా? అందరూ మా ఇంట్లోనే కదండీ తినేది. మళ్లీ వెళ్లి ఇంకేం అడక్కండి. ఈ ఇంటివాళ్లు పెళ్లి భోజనానికి పిలిచి, మీరు వంట మానుకున్న రోజు ఎప్పుడైనా ఉందా అని అడగండి. ఒక్కరు ఉందన్నా సరే, నా కూతురికి పెళ్లయిందని రాసుకోండి."

ఆయన అమ్మవంక చాలాసేపు చూశారు. తర్వాత కాగితం మీద ఏదో రాశారు. రాయడం అయ్యాక మజ్జిగ గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేశారు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఆ పొయ్యి ముట్టించని రోజు ఎప్పుడో నాకూ కబురు చేయండి అన్నారు. నవ్వలేదు కానీ చిరాకు మాత్రం లేదు.

అనుమతి మే నెలాఖరులో వచ్చింది. జూన్‌లో పెళ్లయింది. టౌన్‌హాల్లో చిన్న గది, ఒక పూలకుండీ, మా ఇద్దరి స్నేహితులు నలుగురైదుగురు. రిజిస్ట్రారు ఆవిడ మా చేత సంతకాలు పెట్టించి, చెయ్యి కలిపి, మీ అమ్మగారిని అడిగానని చెప్పు అన్నది. ఆ వెనకే, మా ఇద్దరికీ మాత్రమే వినపడేలా, బుజ్జి అని పిలిచింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిడ కాగితం కాగితం పట్టిపట్టి చూసింది నన్ను ఏడిపించడానికి కాదని అప్పటికి తెలిసింది. ఆ ఆఫీసులో పెళ్లయినవాళ్లెవరికీ ఆవిడ నాకున్నంత బాగా గుర్తుండి ఉండదు.

ఆ పెళ్లికి రమ్మంటే అమ్మ రాలేదు. అక్కడ కాగితం మీద అయితే అవనీ, నాకు ఇక్కడ పనుంది అన్నది.

శ్రావణమాసంలో ఇద్దరం గుణదల వచ్చాం. ఆయన రావడం అదే మొదటిసారి. స్టేషన్నుంచి వస్తుంటే గేటు పడింది. నాన్నా ఆయనా కారు దిగి గేటు దగ్గర పక్కపక్కనే నిలబడ్డారు, బండి వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే ఉన్నారు. మర్నాడు మా వీధికి అడ్డంగా షామియానా వేశారు. గుత్తివంకాయ, పులిహోర, పప్పుచారు, బూరెలు, ఇంకా ఏమేమో. పాలుపోసే ఆయన కుటుంబంతో వచ్చాడు. మైలవరం గుమస్తాగారు రాలేకపోయారు, అక్షింతలకి బదులుగా ఫోన్‌లో దీవించారు. పామర్రు వకీలుగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి మొదటి పంక్తిలోనే కూర్చున్నారు. మేష్టారు మా ఆయన్ని అందరికీ పరిచయం చేస్తూ, డాక్టరు అని ఒకరిద్దరికి చెప్పేశారు. అలవాటైపోయిందమ్మా అన్నారు.

అమ్మ అందరికీ వడ్డించి, తను తినకుండా అటూ ఇటూ తిరుగుతోంది. మిట్టమధ్యాహ్నం దాటాక అత్తయ్యగారు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, ఒకసారి ఇంటికి రండి అన్నారు. ఏమైందోనని నేనూ వెనకాలే వెళ్లాను. ఆవిడ అమ్మని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లారు. గట్టు తుడిచి ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అమ్మ చెయ్యి తీసి గ్యాస్ పొయ్యి మీద పెట్టారు.

"చూసుకోండి వదినగారూ," అన్నారు. "పొద్దుట్నుంచి టీ కూడా పెట్టలేదు."

పొయ్యి చల్లగా ఉంది. అమ్మ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.